చమురు రేవు, అన్నపు ద్వారము

రేవనగా ఓడలు, సరకులు, సుంకము మనకు స్ఫురించును. అది లక్షలాది జనుల అన్నమునకును ద్వారమై యుండునని నైజీరియా అంతర్యుద్ధము (1967–1970) వలన నేర్చుకొందము.

ఆఫ్రికా పశ్చిమతీరమున నైజర్ నది పెక్కు పాయలై సముద్రమున కలియుచున్నది. ఆ ప్రాంతమున బోనీ నదిపై పోర్ట్ హార్కోర్ట్ పట్టణమును, నదీముఖమున బోనీ దీవియు నున్నవి. ఎనుగు గనుల బొగ్గును ఓడల కెక్కించుటకై ఆంగ్లేయులు ఈ రేవును కట్టిరి. 1956లో ఒలోయిబిరియందు చమురు బయల్పడెను. 1958లో ఎగుమతి మొదలయ్యెను. బొగ్గురేవు చమురురేవాయెను.

1960లో స్వతంత్రమైన ఆ దేశమున 1966లో రెండుమారులు సైనికుల తిరుగుబాట్లు జరిగెను. ఉత్తరమున వేలకొలది ఇగ్బోలు వధింపబడిరి. మిగిలినవా రనేకులు తూర్పునకు పారివచ్చిరి. 1967 మే 30న తూర్పుప్రాంతపు పాలకుడు ఓజుక్వు బయాఫ్రా యను ప్రత్యేక రాజ్యమును ప్రకటించెను. జూలైలో యుద్ధమారంభమయ్యెను.

ఈ రేవుకై ఇరుపక్షములును ఏల పోరాడెను? చమురు సొమ్ము ఎవరికి ముట్టునో వారికి బలము. అంతకు మించి, సముద్రద్వారము మూసినవానికే జయము. కనుక సమాఖ్య ప్రభుత్వము తీరమును ఓడలతో దిగ్బంధించి, జూలై నెలాఖరున బోనీని పట్టుకొనెను. నదీముఖము పోగా పట్టణపు రేవు నిరుపయోగమాయెను. విమానాశ్రయ మొక్కటియే బయాఫ్రాకు ఆధారమై నిలిచెను. 1968 మేలో అడెకున్లే సేనలు పోర్ట్ హార్కోర్టును గైకొనగా అదియు పోయెను.

పిదప కలిగిన విపత్తును శ్రద్ధగా గ్రహింపవలెను. తూర్పువారికి ఉత్తరమునుండి పశువులును, సముద్రముమీదుగా ఎండుచేపలును వచ్చెడివి. అవి రెండును నిలిచెను. కర్రపెండలము కడుపు నింపునుగాని దేహమును కట్టు మాంసకృత్తుల నీయదు. అందుచేత పిల్లల కాళ్లు వాచెను, పొట్టలు ఉబ్బెను, వెండ్రుకలు ఎఱ్ఱబారెను. తుపాకి ఎన్నడును పట్టనివారు లక్షల సంఖ్యలో మరణించిరి.

అప్పుడు ప్రొటెస్టంటు, కతోలిక సంఘములు ఏకమై సావో తోమే దీవినుండి ఆహారమును పంపెను. విమానములు రాత్రివేళ, చీకటిలో, ఉలీయందు రహదారినే విశాలపరచి చేసిన మైదానమున దిగెడివి. ఇట్టి ప్రయాణములు ఐదువేలకు పైగా జరిగెను. కొందరు వైమానికులు ప్రాణములర్పించిరి. ఈ సాయము యుద్ధమును పొడిగించెనని కొందరందురు. పగటి విమానములనుగూర్చి గాని, భూమార్గమునుగూర్చి గాని ఇరుపక్షముల నాయకులకు పొత్తు కుదరలేదు. వారి అనుమానముల మూల్యమును బిడ్డలే చెల్లించిరి.

1970 జనవరిలో బయాఫ్రా లొంగిపోయెను. గోవన్ ఓడినవారిని క్షమించెను. అయినను పోర్ట్ హార్కోర్టులో ఇగ్బోలు విడిచిపోయిన యిండ్ల వివాదము చాలకాలము తీరలేదు.

విద్యార్థులారా, యుద్ధచరిత్ర చదువునప్పుడు ఏ పట్టణము ఎవరికి చిక్కెనని వ్రాసికొని ఊరకుండరాదు. ఆ దినమున ఎవరి యింట పొయ్యి ఆరెనో అదియు అడుగవలెను. ఆ ప్రశ్న నడిగినవారే ఉలీకి రొట్టె మోసికొనిపోయిరి.