కోవిడ్ తగ్గినా వదలని నిస్సత్తువ

ప్రశ్న: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే 42 ఏళ్ల పాఠకురాలికి కోవిడ్ వచ్చి ఏడు నెలలైంది. ఆదివారం ఇల్లు సర్దితే మంగళవారం మంచం దిగలేని పరిస్థితి. రక్తపరీక్షలు మామూలుగానే ఉన్నాయి. రోజూ నడక పెంచాలన్న ఇంట్లోవారి సలహా సరైనదేనా?

జవాబు: శ్రమపడిన వెంటనే కాక సాధారణంగా 12 నుంచి 48 గంటల తరువాత విరుచుకుపడే ఈ స్థితిని శ్రమానంతర క్షీణత అంటారు, ఇది సోమరితనం కాదు. ఇలాంటి లక్షణమే ఉన్న దీర్ఘకాలిక నిస్సత్తువ వ్యాధికి ఒకప్పుడు వ్యాయామాన్ని క్రమంగా పెంచమనేవారు గాని, దానివల్ల కీడే జరుగుతోందని రోగులు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నాక, అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2017లో ఆ సూచనను తొలగించింది. ఆ మొర ఇంకా ముందే వినవలసింది. 2024 జూన్‌లో అమెరికా జాతీయ అకాడమీలు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, కోవిడ్ తరువాత లక్షణాలు కనీసం మూడు నెలలు కొనసాగితే దానిని లాంగ్ కోవిడ్‌గా పరిగణించవచ్చు. పాత పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి కాదు.

కనుక నడక పెంచడం ఆపి, ఏ పని తరువాత ఎన్ని గంటలకు నీరసం ముంచుకొస్తోందో రాసుకుని, ఆ హద్దుకు లోపలే పనులు ముగించడం మేలు: కూరలు కూర్చుని తరగడం, బట్టలు ఉతకడం ఒకరోజు, మడతపెట్టడం మరొకరోజు. నిలబడితే గుండెదడ వస్తుంటే, పది నిమిషాలు నిలబెట్టి నాడిని, రక్తపోటును కొలవమని ఫ్యామిలీ డాక్టరును అడగాలి. రక్తపోటు పడిపోకుండానే నిలబడినప్పుడు నాడి వేగం మునుపటికంటే నిమిషానికి 30 లేదా అంతకు మించి పెరిగితే, ఆ స్థితికి వేరే చికిత్స ఉంది.

ఛాతీనొప్పి, విశ్రాంతిలోనూ ఆయాసం, స్పృహ తప్పడం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయక 911కు ఫోన్ చేయాలి.