కె.వి.రెడ్డి గారి గడియారం

పోయిన ఏడు వార్షికోత్సవంలో మా నాటిక చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మాకిచ్చింది ముప్పై నిమిషాలు. నలభై దాటినా మా కథలో కరణం ఇంకా మొదటి అబద్ధమే ఆడుతున్నాడు. తెర పడింది. చివరి రంగంలో రావలసిన నా రూమ్మేటు గడ్డం అతికించుకుని పక్కనే నిలబడిపోయాడు. తప్పు తెర దించినవాళ్లది కాదు, రాసిన నాది. ఆ సిగ్గుతోనే ‘పెద్దమనుషులు’ సినిమాను ఈసారి పాఠం చదివినట్టు చూశాను.

1954లో వచ్చిన వాహినీ వారి బొమ్మ అది. పైకి ధర్మప్రభువులా కనిపించే మునిసిపల్ చైర్మను, ఆయన చుట్టూ చేరిన బాపతు మనుషులు, వాళ్ల లోపలి బాగోతం. ఇబ్సెన్ 1877లో రాసిన ‘పిల్లర్స్ ఆఫ్ సొసైటీ’ నాటకం దీనికి ప్రేరణ. నార్వే కథ తెలుగు ఊరికి ఇంత సులువుగా ఎట్లా అతికిందా అని ఆశ్చర్యపోనక్కర్లేదు. మన రచ్చకట్టల మీద కూర్చున్నవాళ్లను తలుచుకుంటే చాలు. చైర్మనుగా గౌరీనాథశాస్త్రి, తిక్క శంకరయ్యగా రేలంగి. ఊళ్లో బుద్ధిమంతులంతా నోరు మూసుకుంటే, నిజం చెప్పే పని తిక్కవాడి మీద పడింది. మాటలు డి.వి.నరసరాజు గారివి, ఆయనకు అదే మొదటి సినిమా. ఆ ఏటి చిత్రాల్లో తెలుగుకు రాష్ట్రపతి రజత పతకం దీనికే వచ్చింది. తమిళానికి ‘మలైక్కళ్లన్’కు ఇచ్చారు.

దర్శకుడు కె.వి.రెడ్డి గారు మన సీమవాడే, తాడిపత్రిలో పుట్టారు. సినిమాల్లోకి వెళ్లింది డైరెక్టరుగా కాదు, క్యాషియరుగా. తర్వాత ప్రొడక్షన్ మేనేజరు. డబ్బు లెక్క చూసిన చేయి కాబట్టే కాలం లెక్క కూడా పట్టుబడిందని నా నమ్మకం. షూటింగుకు ముందే స్క్రిప్టు మాటతో సహా పూర్తి కావాలి. చదివించి, స్టాప్‌వాచ్ పట్టుకుని, ఏ సీను ఎన్ని నిమిషాలో, ఎన్ని అడుగులో తేల్చుకునేవారు. తేలాక సెట్లో మాట మార్చడం ఉండేది కాదంటారు.

ఈ అడుగుల సంగతి సైన్సు విద్యార్థులకు తమాషాగా ఉంటుంది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు కదలాలి. అంటే నిమిషానికి 90 అడుగులు. మూడు గంటల బొమ్మకు 16,200 అడుగులు. ప్రతి షాటూ మూడుసార్లు తీస్తే ఖర్చయ్యేది 48,600. ముందుగా కొలవని సీను తీరా తీశాక పొడవైందని కత్తిరిస్తే, ఆ ఫిల్ము డబ్బులు, లైట్ల కింద నటులు పడ్డ కష్టం, అన్నీ చెత్తబుట్టలోకే.

రెండు భాషల్లో తీస్తే ఇంకా చిక్కు. కె.వి. గారు ‘పాతాళభైరవి’ని 1951లో, ‘మాయాబజార్’ని 1957లో తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. మాయాబజార్‌లో తెలుగు అభిమన్యుడు నాగేశ్వరరావు, తమిళ అభిమన్యుడు జెమినీ గణేశన్. మనిషి మారితే సీను మళ్లీ తీయాల్సిందే. పైగా తమిళ వాక్యం నిడివి తెలుగు వాక్యం నిడివి ఒకటి కాదు. ముందు కొలత లేకపోతే రెండు బొమ్మలూ రెండు దారులు పడతాయి.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. నంద్యాల బస్సు కోసం నిలబడితే శిల్పుల ఉలి చప్పుడు వినబడుతుంటుంది. శిల్పి ముందు ఉలి ఎత్తడు. రాతి మీద నిలువు గీత గీసి, తల ఎంత, నడుము ఎంత అని గుర్తులు పెట్టుకుంటాడు. ముక్కు ఎగిరిపోయాక కొలుచుకుంటే ఏం లాభం? కె.వి. గారి స్టాప్‌వాచ్ కూడా ఆ నిలువు గీత లాంటిదే అనిపించింది.

కొలత అంటే కుదింపు అనుకోవద్దు. ‘పెద్దమనుషులు’లో చైర్మను ఇంటి సీన్లు కొన్ని నాకు నిదానంగానే తోచాయి. రెండోసారి చూస్తే తెలిసింది. ఆ పెద్దరికాన్ని మనం తీరిగ్గా నమ్మాలి, నమ్మితేనే తర్వాత మోసపోయినట్టు ఒళ్లు మండుతుంది. తిక్క శంకరయ్య మాత్రం వచ్చి ఒక చురక అంటించి పోతాడు. ఎవరికి ఎంత సమయం ఇవ్వాలో తెలిసినవాడి పని అది.

ఈ ఏడు నాటిక రాశాక హాస్టల్లో గట్టిగా చదివి ఫోన్లో టైం చూశాను. 43 నిమిషాలు! కె.సి. కెనాల్ చివరి కయ్యకు నీళ్లు రాని సంగతి మీద రెండు పేజీల ఉపన్యాసం ఉంది అందులో. అవి మా నాయన మాటలు, రాత్రి గట్టు మీద కూర్చుని వంతు కోసం కాచుకుంటూ అన్నవి. కొట్టేయడానికి చేయి రాలేదు. మూడు రోజులు ఆగి, ఒక్క వాక్యం ఉంచి మిగతాది కొట్టేశాను. ఆ వాక్యం గడ్డం అతికించుకునే మావాడికి ఇచ్చాను. ఇప్పుడు 28 నిమిషాలు. ఈ సంచిక మీ చేతికి అందే సాయంత్రమే ప్రదర్శన. మిగిలిన రెండు నిమిషాలు చప్పట్లకు వదిలాను, కాస్త ఆశ ఎక్కువే.