పంటికి పెట్టిన సిమెంటు ఎంతకాలము నిలుచును?

పుచ్చిన పంటికి సిమెంటు పెట్టించుకొనువారు వైద్యుని సాధారణముగా అడుగు మొదటి ప్రశ్న ఇది: "ఇది ఎన్నేండ్లు ఉండును?" ప్రశ్న న్యాయమైనదే. ధనమును, కాలమును వెచ్చించి, కొంత బాధ సహించి చేయించుకొన్న పని నిలువవలెనని కోరుట సహజము. కాని దీనికి సమాధానము సిమెంటులో మాత్రమే లేదు. ఆ నోటిలోనికి ఎట్టి ఆమ్లము వచ్చుచున్నది, ఆ పండ్లను దేనితో, ఎప్పుడు, ఎంత బలముగా తోముచున్నారు అను విషయములపై గూడ అది ఆధారపడి యున్నది. కడుపులోని ఆమ్లము తరచుగా నోటికి వచ్చువారిలో సిమెంటు చెడుటకు ముందే దానిని పట్టియున్న పన్ను కరగిపోవుట కలదు. ఈ సంగతిని తెలిసికొనిన యెడల పంటిని, సిమెంటును రెండింటిని కాపాడుకొనవచ్చును.

కలకత్తాలో పుట్టిన విద్య

మన దేశమున దంతవైద్య విద్యకు పుట్టినిల్లు కలకత్తా నగరము. 2001 నుండి ఆ నగరమునకు కోల్‌కతా అని పేరు. 1890 డిసెంబరు 24వ తేదీన జన్మించిన డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మద్ అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున 1915లో దంతవైద్య పట్టము పొంది, స్వదేశమునకు తిరిగివచ్చి, 1920లో కలకత్తా దంతవైద్య కళాశాలను స్థాపించెను. భారతదేశమున ఇదియే మొట్టమొదటి దంతవైద్య కళాశాల. దానికి వలసిన ధనమును సమకూర్చుటకై ఆయన 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' అను పానీయశాలను నెలకొల్పెను. పంటికి చేయు చికిత్సను గూర్చి విద్యార్థుల కొరకు 1928లో ఒక కరదీపికను ప్రకటించెను. 1949లో కళాశాలను ప్రభుత్వమునకు అప్పగించెను. 1964లో పద్మభూషణ పురస్కారమును పొంది, 1965లో దివంగతుడయ్యెను. ఆచార్య జగదీశచంద్ర బోస్ మార్గముననున్న ఆ కళాశాలయు, ఆసుపత్రియు నేడు ఆయన పేరనే నడచుచున్నవి.

సోడా విక్రయించి పండ్లను కాపాడు విద్యను పోషించిన ఈ వృత్తాంతము మన ప్రస్తుత విషయమునకు తగిన ప్రవేశమే. ఏలయన తీపి కలిపిన సోడా పానీయములు ఆమ్ల గుణము గలవి. అవి పంటి పైపొరను కొంతకు కొంత కరగించును. కాని బయటినుండి త్రాగు ఏ సోడాకన్నను తీవ్రమైన ఆమ్లము మన కడుపులోనే ఉన్నది. అది తన స్థానమున నున్నంతవరకు ఆహారమును జీర్ణము చేయుటకు తోడ్పడును. నోటికి వచ్చినప్పుడు పండ్లకు శత్రువగును.

ఆమ్లము పంటిని ఎట్లు హరించును

పంటి పైపొరకు ఎనామిల్ అని పేరు. శరీరమునందలి పదార్థములన్నిటిలో ఇది మిక్కిలి గట్టిది. దీని బరువులో సుమారు 96 పాళ్లు ఖనిజమే. ఇంత గట్టి పదార్థమునకు గూడ ఆమ్లమనిన భయము కలదు. ఆమ్లత్వమును పి.హెచ్. అను కొలతతో తెలుపుదురు. 7 అనగా మంచినీటివలె తటస్థము. అంకె తగ్గినకొలది ఆమ్లత్వము హెచ్చును. ఒక్కొక్క అంకె తగ్గుట పదిరెట్లు హెచ్చుటకు సమానము. పి.హెచ్. సుమారు 5.5 కంటె తగ్గినప్పుడు ఎనామిల్ కరగనారంభించును. కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆమ్లము పి.హెచ్. సాధారణముగా 1కి, 2కి నడుమ నుండును. అనగా ఎనామిల్ కరగుటకు చాలిన ఆమ్లత్వముకంటె ఇది వేలరెట్లు అధికము.

ఈ అరుగుదల పుచ్చువంటిది కాదు. పుచ్చు సూక్ష్మజీవుల వలన ఒకచోట గుంటగా ఏర్పడును. ఆమ్లపు అరుగుదల సూక్ష్మజీవులతో పనిలేకయే, పంటి ఉపరితలము నంతటిని నునుపుగా హరించుకొనిపోవును. కడుపునుండి వచ్చిన ఆమ్లమైనచో పై వరుస ముందుపండ్ల లోపలి వైపున, అనగా అంగిలివైపున, ముందుగా కనబడును. అద్దములో చూచుకొనువారికి ఆ వైపు కనబడదు. కావుననే రోగి గుర్తించుటకు ముందు దంతవైద్యుడు గుర్తించుచుండును. ఎనామిల్ పలుచనైన పిమ్మట లోపలి డెంటిన్ బయటపడి పండ్లు పసుపుపచ్చగా కనబడును. చల్లనినీరు తగిలిన జివ్వుమనును. అంచులు పలుచబడి విరుగును.

లాలాజలము మనకు సహజ రక్షణ. అది ఆమ్లమును పలుచన చేసి, తటస్థపరచి, మెత్తబడిన ఎనామిల్‌కు ఖనిజమును తిరిగి అందించును. కాని నిద్రలో లాలాజలము మిక్కిలి తక్కువగా ఊరును. కనుక రాత్రివేళ గొంతులోనికి ఎగదన్ను ఆమ్లము పగటి ఆమ్లముకంటె హానికరము.

పూరణ ద్రవ్యముల గుణదోషములు

వెండి మిశ్రమము: దీనిలో సుమారు సగము పాదరసము, తక్కినది వెండి, తగరము, రాగి మున్నగు లోహముల పొడి. నమలు పండ్లకు ఇది తరతరములుగా వాడబడినది. కడుపు ఆమ్లము దీనిని అంతగా బాధింపదు. కాని చుట్టునున్న పన్ను కరగిపోవును గనుక వెండి సిమెంటు పంటికంటె ఎత్తుగా, నీరు తీసిన చెరువులో బండవలె నిలిచి కనబడును. ఆమ్లపు అరుగుదలను పట్టియిచ్చు గురుతులలో ఇది యొకటి. సిమెంటు చెడలేదని సంతోషించుటకు వీలులేదు. పన్ను పోవుచున్నదని గ్రహింపవలెను. పాదరసము వలన పరిసరములకు కలుగు హానిని తగ్గించుటకై 2013లో కుదిరిన మినమాటా ఒడంబడికను భారతదేశము 2018లో ధ్రువపరచినది. ఈ మిశ్రమపు వాడుకను తగ్గించుటయు ఆ ఒడంబడిక ఉద్దేశములలో నొకటి.

గ్లాస్ అయనోమర్ సిమెంటు: ఇంగ్లండులో విల్సన్, కెంట్ అను శాస్త్రజ్ఞులు దీనిని రూపొందించి 1972లో ప్రకటించిరి. పంటికి తానుగా అంటుకొనుట, కొంచెము కొంచెముగా ఫ్లోరైడును విడుచుట దీని సుగుణములు. అందుచే పిల్లల పండ్లకును, చిగురుదగ్గరి గుంటలకును విరివిగా వాడుదురు. కాని ఆమ్లము దీని బంధములను సడలించి పైభాగమును మెత్తబరచును. అట్లు మెత్తబడినదానిని బ్రష్షు సులభముగా గీకివేయును. కడుపు ఆమ్లము తరచుగా వచ్చువారికి సాధారణ ద్రవ్యములలో ఇది బలహీనమైనది. రెజిన్ కలిపిన రకము కొంత మెరుగు.

కాంపోజిట్ రెజిన్: పంటి రంగులో నుండు ఈ ద్రవ్యమునకు ఆధారమైన రెజినుకు అమెరికా శాస్త్రజ్ఞుడు రాఫెల్ బోవెన్ 1962లో పేటెంటు పొందెను. మెత్తని రెజినులో గాజు రేణువులను పొదిగి దీనిని తయారుచేయుదురు. ఇసుక, సున్నము కలిసిన అడుసును తలచుకొనిన దీని నిర్మాణము బోధపడును. ఆమ్లము దీనిని గ్లాస్ అయనోమర్ వలె కరగింపదు గాని, రెజిన్‌కు రేణువులకు గల బంధమును కొంత సడలించును. బ్రష్షు ముందుగా మెత్తని రెజిన్‌ను అరగదీయును. పిదప రేణువులు పైకి తేలి రాలిపోవును. నునుపుదనము పోయి మరకలు పట్టును. మిక్కిలి సన్నని రేణువులు గల రకములలో మెరుగు ఎక్కువకాలము నిలుచును.

పింగాణీ తొడుగులు: క్యాపులుగా వేయు లిథియం డైసిలికేట్, జిర్కోనియా మున్నగునవి కడుపు ఆమ్లమునకును, బ్రష్షునకును బాగుగా తట్టుకొనును. పాతరకపు పింగాణీలలో పైమెరుగు పోయిన యెడల గరుకుదేరి, ఎదుటి పంటిని ఆకురాయివలె అరగదీయును. ఒక ముఖ్య విషయము: ఆమ్లముతో కూడిన ఫ్లోరైడు జెల్లులు పింగాణీ మెరుగును, గ్లాస్ అయనోమర్‌ను చెరచును. క్యాపులు గలవారికి తటస్థ ఫ్లోరైడు శ్రేష్ఠము.

బంగారము: బంగారమును హైడ్రోక్లోరిక్ ఆమ్లము ఒంటిగా కరగింపజాలదు. మన పెద్దల నోట మెరిసిన బంగారు పన్ను అనేక సంవత్సరములు చెక్కుచెదరకుండుటకు కారణము ఇదియే. వెల, రంగు వలన నేడు దీని వాడుక తగ్గినది.

బ్రష్షు చేయు పని

బ్రష్షు పండ్లకు మిత్రమే. కాని ఆమ్లము సోకిన వెంటనే తోమినచో అదియే హాని చేయును. నానిన గోడను చీపురుతో ఊడ్చిన సున్నము రాలునట్లు, ఆమ్లముచే మెత్తబడిన ఎనామిల్ పొర బ్రష్షు వెంట పోవును. ఆమ్లము విడిగా చేయు హానియు, బ్రష్షు విడిగా చేయు హానియు కలిపినదానికంటె, ఒకదాని వెనుక ఒకటి వెంటనే తగులుటచే కలుగు హాని అధికము.

బ్రష్షుకన్న గూడ దానిపై వేసికొను పొడి ముఖ్యము. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక, గరుకు ఉప్పు ఇవి పంటినే గాక సిమెంటును గూడ గీయును. తూర్పు రాష్ట్రములలో కొందరు వాడు 'గుల్' అను పొగాకు పొడి క్యాన్సరు వ్యాధికి గూడ దారితీయును గనుక సర్వథా విడువదగినది. గీతలుపడిన గరుకు ఉపరితలమున సూక్ష్మజీవులు సులభముగా నెలకొనును. గరుకుదనము ఒక మైక్రాన్‌లో ఐదవ వంతు దాటినచో అవి చేరుట హెచ్చునని పరిశోధకులు గుర్తించిరి. వెండ్రుక మందము అందుకు కొన్నివందల రెట్లు ఉండును.

ప్రయోగశాల చెప్పునది

ఈ ద్రవ్యములను పరీక్షించుటకు ప్రయోగశాలలలో చిన్న బిళ్లలుగా చేసి, కడుపు ఆమ్లమును పోలిన ద్రావణమున నానబెట్టి, పిదప యంత్రమునకు బిగించిన బ్రష్షుతో వేలకొలది పర్యాయములు తోముదురు. ముందు, వెనుకల బరువును, గట్టితనమును, గరుకుదనమును కొలిచి పోల్చుదురు. ఏ ద్రవ్యము దేనికన్న మేలో ఈ పరీక్షలు చక్కగా తెలుపును. కాని అక్కడ లాలాజలము ఊరదు, మనిషి నమలడు, వేడి టీ త్రాగడు. కావున పరీక్షలో ఇన్ని గంటలు నిలిచినది నోటిలో ఇన్నేండ్లు నిలుచునని లెక్కకట్టుట తగదు. వైద్యుడు "ఇన్నేండ్లు" అని ఖండితముగా చెప్పకుండుట ఈ కారణముచేతనే.

ఎవరు ముఖ్యముగా జాగ్రత్తపడవలెను

తరచుగా ఛాతీమంట, పుల్లత్రేన్పులు కలవారు; తెల్లవారి లేవగానే నోరు పుల్లగా నుండువారు; అతిగా మద్యము సేవించి వాంతులు చేసికొనువారు; వేవిళ్లతో బాధపడు గర్భిణీ స్త్రీలు. వేవిళ్లలో వికారము తగ్గుటకై నిమ్మబద్ద చప్పరించుట మనలో వాడుక. వాంతియగు ఆమ్లమునకు నిమ్మరసపు ఆమ్లము తోడగుట పండ్లకు మంచిది కాదు. నిమ్మకాయను వాసన చూచిన చాలును.

లావెక్కుదుమను భయముచే తిన్నదానిని రహస్యముగా క్రక్కివేయు యువతీయువకులు గూడ కలరు. ఇది దురభ్యాసము కాదు, చికిత్స వలసిన వ్యాధి. ఇంటివారికి తెలియని ఈ సంగతిని మొదట పండ్లే బయటపెట్టుట కలదు. అట్టివారిని గద్దింపక, నిందింపక, మెల్లగా వైద్యుని కడకు తీసికొనిపోవలెను. పండ్లకు మాత్రము సిమెంటు పెట్టించి ఊరకుండిన, సిమెంటు చుట్టు పన్ను కరగుచునే యుండును, ప్రాణమునకును అపాయము తప్పదు.

పాటింపదగిన నియమములు

1. వాంతియైన పిమ్మట, లేక పుల్లనినీరు నోటికి వచ్చిన పిమ్మట వెంటనే పండ్లు తోమరాదు. గ్లాసెడు నీటిలో ఒక చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మివేయవలెను, మ్రింగరాదు. వంటసోడా లేనిచో మంచినీరు చాలును. తోముటకు కనీసము అరగంట, వీలైన ఒక గంట ఆగవలెను.

2. మెత్తని కుచ్చుగల బ్రష్షుతో, ఫ్లోరైడు కలిగిన పేస్టుతో ఉదయమును, పడుకొనుటకు ముందును మృదువుగా తోమవలెను. కుచ్చు విప్పారిన బ్రష్షును మార్చవలెను.

3. రాత్రి భోజనమునకు, శయనమునకు రెండుమూడు గంటల ఎడముండవలెను. పుల్లత్రేన్పులు గలవారు మంచము తలవైపును కొంత ఎత్తు చేసికొనుట మేలు.

4. కడుపుబ్బరమునకు నిమ్మసోడా త్రాగుట, ఫుచ్కా వంటి చింతపండు నీటి తినుబండారములను మాటిమాటికి తినుట తగ్గించవలెను. తినిన పిదప మంచినీటితో పుక్కిలింపవలెను.

5. దంతవైద్యునికి కడుపు సంగతి, కడుపు వైద్యునికి పంటి సంగతి దాపరికము లేక చెప్పవలెను. ఏ ద్రవ్యము వాడవలెనో నిర్ణయించుటకు ఈ సమాచారము అవసరము.

6. ఆరుమాసముల కొకసారి పండ్లను పరీక్ష చేయించుకొనవలెను. కోల్‌కతాలోని డాక్టరు ఆర్. అహమ్మద్ కళాశాల ఆసుపత్రివలెనే హైదరాబాదు, విజయవాడలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో గూడ ఇట్టి సేవలు లభించును.

ముగింపు

ఎంత మేలైన ద్రవ్యమును పెట్టినను ఆమ్లపు రాకను ఆపనిచో చుట్టునున్న పన్ను కరగుట మానదు. కప్పు కారుచుండగా గోడకు వెల్లవేసిన ఏమి ప్రయోజనము? మొదట ఆమ్లము వచ్చు దారిని మూయవలెను. తరువాత తగిన ద్రవ్యమును ఎన్నుకొనవలెను. ఆ పిదప బ్రష్షును వేళ యెరిగి వాడవలెను. ఈ క్రమమును పాటించినవారి పంటి సిమెంటు దీర్ఘకాలము నిలుచును. అంతకంటె ముఖ్యముగా, పన్నే నిలుచును.