మన ప్రకటన అందరికీ చేరాలంటే: హెచ్‌టీఎంఎల్ తొలి పాఠం

విద్యా సంవత్సరం మొదలవగానే ఉపకార వేతనాల ప్రకటనలు వస్తాయి. ప్రకటనను రంగుల బొమ్మగా తయారుచేయించి వాట్సాప్‌లో పంపడం ఇప్పుడు చాలా సంఘాలకు అలవాటైంది. చూపున్నవారికి అది బాగానే ఉంటుంది. చూపులేని విద్యార్థి ఫోనులో అక్షరాలను చదివి వినిపించే సదుపాయం ఉన్నా, బొమ్మలోని అక్షరాలు దానికి సరిగ్గా అందుతాయన్న నమ్మకం లేదు. చిన్న ఫోనులో చూసే తండ్రి దాన్ని పెద్దది చేసుకుని, అటూ ఇటూ జరుపుకుంటూ చదవాలి. ఆఖరి తేదీ ఎప్పుడో వారం తరువాత వెతికితే వందల ఫొటోల మధ్య అది దొరకదు. దాతల డబ్బు సిద్ధంగా ఉంది, అర్హత గల విద్యార్థీ ఉన్నాడు. మధ్యలో కబురే ఆగిపోయింది.

అదే ప్రకటనను వెబ్ పేజీగా రాసి, దాని లింకును పంపితే ఈ ఇబ్బందులు చాలావరకు తీరుతాయి. అందుకు కావలసిన హెచ్‌టీఎంఎల్‌ను ఇంగ్లీషు అక్షరాలు టైపు చేయగల ఎనిమిదో తరగతి విద్యార్థి నేర్చుకోగలడు.

ట్యాగు అంటే ఏమిటి?

హెచ్‌టీఎంఎల్ అంటే హైపర్‌టెక్స్ట్ మార్కప్ లాంగ్వేజ్. మార్కప్ అంటే గుర్తులు పెట్టడం. అచ్చుకు ఇచ్చే కాగితం మీద 'ఇది శీర్షిక', 'ఇక్కడ కొత్త పేరా' అని అంచున రాసి ఇస్తాం కదా, ఇదీ అలాంటి పనే. ఆ గుర్తును ప్రెస్సులో కంపోజిటరు చదువుతాడు, ఇక్కడ బ్రౌజరు చదువుతుంది. ఆ గుర్తు పేరే ట్యాగు.

లెక్కల్లో 'కంటే తక్కువ', 'కంటే ఎక్కువ' అని చూపే రెండు గుర్తులు ఉన్నాయి. వాటి మధ్య ట్యాగు పేరు రాయాలి. చాలా ట్యాగులు జంటగా ఉంటాయి. మొదటిది తెరుస్తుంది, రెండోది మూస్తుంది. మూసేదానిలో పేరుకు ముందు ఒక ఏటవాలు గీత ఉంటుంది. లెక్కల్లో బ్రాకెట్ల మాదిరిగానే, చివర తెరిచినదాన్ని ముందుగా మూయాలి. ట్యాగుల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇక్కడ పలికే తీరును మాత్రం రాస్తున్నాను.

ఒక ప్రకటన రాద్దాం

శీర్షిక: 'ఉపకార వేతనాలకు దరఖాస్తులు' అన్న మాటలను హెచ్1 ట్యాగులో పెట్టాలి. లోపలి శీర్షికలకు హెచ్2, వాటి కింద వచ్చే వాటికి హెచ్3. ఇలా హెచ్6 దాకా ఉన్నాయి. అక్షరాలు పెద్దగా కనబడాలని హెచ్1 వాడకూడదు. అది పేజీకి ప్రధాన శీర్షిక అని చెప్పడానికే వాడాలి. చూపులేనివారు వాడే సాఫ్ట్‌వేరు శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ కావలసిన భాగానికి చేరుస్తుంది. మామూలు అక్షరాలనే లావుగా చేసి వదిలేస్తే అక్కడ శీర్షిక ఉందని దానికి తెలియదు.

పేరా: ఎవరు అర్హులో, ఆఖరి తేదీ ఏదో వివరించే మాటలను పి ట్యాగులో పెట్టాలి.

జాబితా: ఆదాయ ధ్రువపత్రం, మార్కుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్ నకలు వంటివాటికి వరుసతో పని లేదు కనుక యూఎల్ వాడతాం. 'ముందు ఫారం నింపండి, తరువాత సంతకం చేయించండి' వంటి వరుస పనులకు ఓఎల్ వాడతాం, అంకెలను బ్రౌజరే వేసుకుంటుంది. రెండింటిలోనూ ఒక్కొక్క అంశం ఎల్ఐ ట్యాగులో ఉంటుంది.

లింకు: దరఖాస్తు ఫారానికి దారి చూపేది ఏ ట్యాగు. దానిలో హెచ్‌రెఫ్ అన్నచోట చిరునామా రాయాలి. 'ఇక్కడ నొక్కండి' అనే కన్నా 'దరఖాస్తు ఫారం' అని రాస్తే, వినేవారికి ఆ లింకు ఎక్కడికి పోతుందో తెలుస్తుంది.

బొమ్మ: ఐఎంజీ ట్యాగుకు మూసే జంట లేదు. దానిలో ఆల్ట్ అన్నచోట బొమ్మలో ఏముందో ఒక వాక్యం రాయాలి. బొమ్మ తెరుచుకోకపోయినా, చూడలేకపోయినా ఆ వాక్యం అందుతుంది.

తెలుగు, ఉర్దూ ఒకే పేజీలో

మన ప్రకటనలు రెండు భాషల్లోనూ ఉండాలి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు సాగుతుంది. ఉర్దూ పేరా ట్యాగులో డిర్ అన్నచోట ఆర్‌టీఎల్ అనీ, లాంగ్ అన్నచోట యూఆర్ అనీ రాస్తే వాక్యం చివరి చుక్క, మధ్యలోని అంకెలు తమ చోట్లలో కుదురుతాయి. తెలుగుకు లాంగ్ విలువ టీఈ. చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఏ భాష గొంతు వాడాలో దీన్ని బట్టే తెలుసుకుంటుంది.

పేజీ చట్రం

మొదటి వరుసలో డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అన్న ప్రకటన, తరువాత హెచ్‌టీఎంఎల్ ట్యాగు, దానిలో హెడ్, బాడీ అనే రెండు భాగాలు ఉంటాయి. మనకు కనబడేదంతా బాడీలో ఉంటుంది. హెడ్‌లో పేజీ పేరు చెప్పే టైటిల్ ట్యాగుతో పాటు రెండు మెటా ట్యాగులు మరువకూడదు. యూటీఎఫ్-8 అని చెప్పేది లేకపోతే తెలుగు, ఉర్దూ అక్షరాలు చెదిరిపోవచ్చు. వ్యూపోర్ట్ అనేది లేకపోతే ఫోనులో అక్షరాలు చీమల్లా కనబడతాయి.

ఇదంతా నోట్‌ప్యాడ్‌లో రాసి, ఫైలు పేరు చివర చుక్క పెట్టి హెచ్‌టీఎంఎల్ అని చేర్చి భద్రపరిస్తే చాలు. ఆ ఫైలును బ్రౌజరులో తెరిస్తే పేజీ కనబడుతుంది. నేర్చుకునేటప్పుడు ఇంటర్నెట్టు కూడా అక్కరలేదు.

ఎవరి సొత్తూ కాని విద్య

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తూ టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్ ఆలోచనను ప్రతిపాదించారు. 1991లో ఆయన వివరించిన ట్యాగులు 18 మాత్రమే. శీర్షిక, జాబితా, లింకు ట్యాగులు అప్పటి నుంచీ ఉన్నవే. 1993 ఏప్రిల్ 30న సెర్న్ తన వెబ్ సాఫ్ట్‌వేరును రుసుము లేకుండా ప్రపంచానికి వదిలేసింది. అందుకే హెచ్‌టీఎంఎల్ రాయడానికి ఎవరికీ పైసా కట్టనక్కరలేదు.

అయినా పేదింటి పిల్లలకు ఇది తనంతట తాను అందదు. వేళ్లు ఆనించడానికి ఒక కీబోర్డు, వారానికి రెండు గంటలు, పక్కన కూర్చుని చూపే ఒకరు కావాలి. పాత కంప్యూటరయినా సరిపోతుంది. దాతలు పాత యంత్రం ఇచ్చినా, తమ ఇంట్లో ఇంజినీరింగు చదువుతున్న అబ్బాయినో అమ్మాయినో ఆదివారం పంపినా పని మొదలవుతుంది. పిల్లల మొదటి అభ్యాసంగా మన సంఘం ప్రకటననే రాయించవచ్చు.

ఆ పేజీ తయారయ్యాక ఒక పరీక్ష పెట్టండి. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగుల్లో టాక్‌బ్యాక్ తెరిచి, పేజీని పూర్తిగా వినండి. అర్హత, కావలసిన పత్రాలు, ఆఖరి తేదీ కళ్లు మూసుకునే తెలిస్తే ఆ ప్రకటనను పంపవచ్చు.