అడవినాభి పువ్వు



ప్రభువు కొండమీద బోధించుచు అడవి పువ్వులను చూడుమనెను. ఆ భాగము చదువునప్పుడెల్ల మన పల్నాటి సీమలో వానకాలమున పూచు అడవినాభి మాకు జ్ఞాపకమునకు వచ్చును. ఆయన చూపిన పువ్వు ఇదియే అని మేము చెప్పము. ఇది ఆసియా, ఆఫ్రికా ఖండముల ఉష్ణప్రదేశములది; గలిలయలో మొలవదు. అయినను నిలిచి చూడదగిన పువ్వు. 1753లో స్వీడను దేశపు లిన్నేయస్ పండితుడు దీనికి గ్లోరియోసా సుపర్బా అని పేరుపెట్టెను.

నాదెండ్ల నల్లరేగడి చేలలో దీనిని వెదకి లాభములేదు. నీరు నిలువని గరపనేల, కొండవాలు పొదలు దీనికి అనుకూలము. వేసవిలో తీగ ఎండిపోవును, దుంప మాత్రము భూమిలో దాగియుండును. తొలకరి పడగానే మొలచును. పట్టుకొనుటకు దీనికి వేరే నులితీగెలు లేవు. ఆకు కొనయే సన్నమై చుట్టచుట్టుకొని ప్రక్క కొమ్మను పట్టును. పువ్వు తలవంచియుండగా ఆరు రేకులును వెనుకకు మడిగి పైకి నిలుచును. వాటి అంచులు అలలవలె నుండును. మొదట పచ్చన, పిమ్మట పసుపు, తుదకు నిప్పువంటి ఎరుపు. అందుచేత అగ్నిశిఖ యనిరి. పువ్వు నడుమనున్న కీలము వడ్రంగి మూలమట్టమువలె ప్రక్కకు వంగియుండుట మరియొక గుర్తు. దుంప నాగలివలె నుండుటచేత లాంగలి యనియు పేరు.

ఈ దుంపతోనే జాగ్రత్త వహింపవలెను. 2 రాజులు 4వ అధ్యాయములో, గిల్గాలునందు కరవు కాలమున ఒకడు పొలమునకు పోయి, గుణమెరుగక వెఱ్ఱికాయలు తెచ్చి కుండలో వేసెను. వారు తినుచుండగానే సంగతి తెలిసికొనిరి. అడవినాభి అట్లు తెలుపదు. చిలగడదుంప యనుకొని తినినవారికి కొన్ని గంటలు గడచిన తరువాత గాని గొంతుమంట, వాంతులు, విరేచనములు పట్టవు. కొల్చిసిన్ అను విషము మొక్క అంతట నున్నది, దుంపలోను గింజలలోను మెండు. ఎలీషా కుండలో పిండి వేసెను గాని మనము ఇంటిమందులతో కాలము గడుపరాదు. బాధ కనబడకున్నను తిన్నవానిని వెంటనే ఆసుపత్రికి చేర్చి, మిగిలిన దుంపముక్కను డాక్టరుకు చూపవలెను.

ఆ కొల్చిసిన్‌నే వైద్యులు కొలతప్రకారము గౌటు అను కీళ్లవాపునకు ఇత్తురు. తమిళనాడు రైతులు గింజలకై ఈ తీగను సాగుచేయుదురు. అది వారి రాష్ట్రపుష్పము కూడ. అడవులలో నయితే దుంపలు త్రవ్వి అమ్ముటచేతను, పొదలు నరకుటచేతను ఇది అరుదగుచున్నది. దుంప త్రవ్విన చోట మరుసటి తొలకరికి తీగ లేవదు.