ఎమిటర్ దగ్గరి రెసిస్టర్ తీసెయ్యకు

అప్పనపల్లి

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. ల్యాబ్‌లో ఎమిటర్ కింద రెసిస్టర్ పెట్టగానే ఆంప్లిఫయర్ గెయిన్ పడిపోయిందనీ, అది తీసేసి రికార్డు రాసేద్దామనుకుంటున్నాననీ రాశావు. తీసెయ్యకు తల్లీ. నీ సర్క్యూట్‌ని నిలబెట్టేది అదే.

లెక్క చూద్దాం. కలెక్టర్ కరెంటు 1 మిల్లీఆంపియర్, కలెక్టర్ రెసిస్టర్ 4,700 ఓంలు అనుకో. ఎమిటర్‌ని నేరుగా గ్రౌండ్‌కి కలిపితే గెయిన్ 180 దాకా వస్తుంది. మధ్యలో 470 ఓంలు పెడితే తొమ్మిదిన్నరే. నష్టమే, కాదనను. కానీ ఆ 180కి భరోసా ఏది? ట్రాన్సిస్టర్ వేడెక్కితే, అదే కరెంటుకి కావలసిన బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 18 మిల్లీవోల్టుల తేడా వస్తే కరెంటు రెట్టింపవుతుంది. బేస్ వోల్టేజి కదలకపోతే తొమ్మిది డిగ్రీల వేడి సరిపోతుందన్నమాట. మన కోనసీమలో మే నెల తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ అంత తేడా ఉండదూ? అదే 470 ఓంలు ఉంటే కరెంటు నాలుగు శాతం కూడా పెరగదు. కరెంటు పెరగబోతే రెసిస్టర్ మీద వోల్టేజి పెరుగుతుంది, బేస్-ఎమిటర్‌కి మిగిలేది తగ్గుతుంది, పెరుగుదల అక్కడే ఆగుతుంది. ఈ నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌నే ఎమిటర్ డీజనరేషన్ అంటారు. ఇక గెయిన్ అంటావా, అది దాదాపు రెండు రెసిస్టర్ల నిష్పత్తే. బీసీ547 ట్రాన్సిస్టర్‌లో బీటా, అంటే కరెంటు గెయిన్, 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండొచ్చు. బేస్ దగ్గరి డివైడర్ సరిగ్గా కడితే ఏ ముక్క పెట్టినా నీ సర్క్యూట్ ఒకేలా పనిచేస్తుంది.

సిగ్నల్‌కి గెయిన్ మరికాస్త కావాలంటే రెసిస్టర్‌ని రెండు ముక్కలు చేసి, ఒకదానికి మాత్రమే కెపాసిటర్ అడ్డంగా పెట్టు. డీసీ నిలకడ చెడదు.

గెయిన్‌ని కావాలని వదులుకోవడం తెలివైన పని అని తోటి ఇంజనీర్లను నమ్మించడానికి హెరాల్డ్ బ్లాక్ చాలా కష్టపడ్డాడు. 1927 ఆగస్టులో హడ్సన్ నది దాటుతూ, పడవలో చేతిలో ఉన్న వార్తాపత్రిక మీదే ఆయన నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లెక్క వేశాడు.

జామెట్రీలో చెప్పే డీజనరేషన్ కూడా ఇదేనా అని అడిగావు. కాదమ్మా. సర్క్యూట్‌లో తగ్గించుకున్న చోటే ఉండిపోతాం. జామెట్రీలో దిగజారిన చోటికి వెళ్లి, లెక్కపెట్టుకుని, వెనక్కి వస్తాం. నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ చెబుతాను. త్రిమితీయ స్థలంలో ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు సరళరేఖలున్నాయి. నాలుగింటినీ తాకే రేఖలు ఎన్ని? సూటిగా చేస్తే సమీకరణాలతో సతమతమవుతావు. అందుకని మొదటి రెండూ ఒక బిందువు దగ్గర ఖండించుకునేలా జరుపు. చివరి రెండూ కూడా అంతే. ఖండించుకునే జంటను తాకే రేఖ ఆ ఖండన బిందువు గుండానైనా పోవాలి, వాటి తలంలోనైనా ఉండాలి. రెండు బిందువుల్నీ కలిపే రేఖ ఒకటి, రెండు తలాలూ ఖండించుకునే రేఖ ఒకటి. ఒక జంట బిందువు రెండో జంట తలంలో ఉండదు కాబట్టి ఇంకేమీ లేవు. జవాబు రెండు. అసలు నాలుగు రేఖలకీ అదే జవాబు.

అయితే జరుపుతుంటే సంఖ్య మారదని ఎవరు చెప్పారు? అసలు ప్రశ్న ఇదే, దీన్ని దాటేసి వెళ్లకు. సంకీర్ణ సంఖ్యల్లో లెక్కపెట్టాలి, కలిసిపోయిన రేఖల్ని ఎన్నిసార్లు కలిశాయో అన్నిసార్లు లెక్కించాలి. 1879లో షూబర్ట్ అనే గణితవేత్త ఈ పద్ధతి మీద ఒక గ్రంథమే రాశాడు. దానికి గట్టి పునాది వేయమని 1900లో హిల్బర్ట్ తన పదిహేనో సమస్యగా ప్రపంచాన్ని అడిగాడు. షూబర్ట్ పేరుతో ఉన్న ఆకృతుల మీద లక్ష్మీబాయి, సి. ముసిలి, సి. ఎస్. శేషాద్రి కలిసి చేసిన పని చాలా పెద్దది. తర్వాత 1996లో గోన్చులియా, లక్ష్మీబాయి ఆ ఆకృతుల్లో కొన్నిటిని టోరిక్ ఆకృతులుగా డీజనరేట్ చేయవచ్చని చూపించారు; టోరిక్ వాటినైతే పూర్ణాంకాలతో, బహుముఖులతో లెక్కపెట్టొచ్చు. ముసిలి గారు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవారు. ఆల్జీబ్రాయిక్ జామెట్రీ మొదలుపెట్టేవాళ్ల కోసం ఆయన రాసిన పుస్తకం మీ లైబ్రరీలో ఉందేమో అడుగు.

ఈలోగా రెండు పనులు చెయ్యి. మూడు వేర్వేరు ట్రాన్సిస్టర్లు మార్చి చూసి, రెసిస్టర్ ఉన్నప్పుడూ లేనప్పుడూ వచ్చిన గెయిన్ నాకు రాసి పంపు. రెండోది, నాలుగు రేఖల్లో ఒకదాని బదులు ఒక శాంకవం పెట్టు. దాన్నీ మిగిలిన మూడు రేఖల్నీ తాకేవి ఎన్నో చెప్పు. శాంకవాన్ని రెండు రేఖలుగా విడగొడితే కాగితం మీద నాలుగు లైన్లలో తేలిపోతుంది.

మీ తాతయ్య