ఫార్వర్డు చేసిన ఉత్తరంలో బొమ్మలు ఏమైనవి?

2023 దసరాకు ముందు మేము బెంగుళూరు వస్త్రవర్తకుని కొకరికి ఎనిమిది నూలు చీరల ఫోటోలు ఈమెయిలులో పెట్టి పంపినాము. వారికి నచ్చినవి. ఆ ఉత్తరాన్నే హైదరాబాదులోని తమ భాగస్వామికి ఫార్వర్డు చేసినారు. అక్కడ తెరచి చూస్తే చీరలు లేవు, ఎనిమిది ఖాళీ గళ్లు మాత్రం వున్నవి. ధరలు కూడా ఫోటోల మీదనే వ్రాసితిమి గనుక ఆయనకు తెలిసినదేమీ లేదు. మాకు కబురు తెలిసేలోగా బేరం మరొకరికి పోయినది. ఆ ఆర్డరుకని సిద్ధపరచిన మూడు మగ్గాలు పదిహేను రోజులు ఊరక నిలిచినవి. ఇట్టిది మనవారిలో మరొకరికి జరుగకూడదని ఈ పాఠం వ్రాస్తున్నాము.

బొమ్మలతో కూడిన ఇట్టి ఉత్తరాన్ని హెచ్.టి.ఎం.ఎల్. ఉత్తరమంటారు. అందులో నిజానికి అక్షరాలే వుంటవి. బొమ్మ రావలసిన చోట ఒక చీటీ వుంటుంది. బొమ్మ ఎక్కడ వున్నదీ ఆ చీటీ చెప్పుతుంది. కంప్యూటరుపై జీమెయిలులో ఉత్తరం తెరచి, పైనున్న మూడు చుక్కలు నొక్కి, 'షో ఒరిజినల్' అంటే ఆ చీటీలు కనబడుతవి. 'ఐ.ఎం.జి.' అను అక్షరాల పక్కన చూడవలెను.

అక్కడ 'సి.ఐ.డి.' అని వుంటే కంగారుపడవద్దు, పోలీసులు కారు. 'కంటెంట్ ఐడి' అని దాని అర్థం. బొమ్మ ఉత్తరంతోనే, వేరు కట్టగా, ఒక గుర్తు కట్టుకొని ప్రయాణం చేస్తున్నదన్న మాట. మా ఉత్తరం ఇట్టిదే. ఫార్వర్డు చేసే సాధనం చీటీని తీసుకొని కట్టను వదలివేస్తే అవతల ఖాళీ గడే మిగులుతుంది. బేలు వదలి బిల్లు మాత్రం లారీ ఎక్కించినట్లు! మా సభ్యుని కుమార్తె, కాలేజీ విద్యార్థిని, ఈ సంగతి పట్టుకొన్నది. వర్తకుని వద్దనున్న మొదటి ప్రతిలో బొమ్మలన్నీ చక్కగా వుండుటే ఆమెకు ఆధారం.

చీటీ మీద 'హెచ్.టి.టి.పి.ఎస్.' అని వుంటే బొమ్మ ఉత్తరంలో లేదు, ఏదో వెబ్‌సైటులో వున్నది. తెరచినప్పుడెల్లా అక్కడినుండి రావలెను. ఆ వెబ్‌సైటులో ఫోటోను తీసివేసినా, వేరే చోటికి మార్చినా, ఏడాది క్రితం పంపిన ఉత్తరాలలో కూడా అది మాయమవుతుంది. లాగిన్ అయితేగాని కనబడని ఫోటో పంపినవారికే కనబడుతుంది. ఇవేమీ లేకున్నా అవుట్‌లుక్ వంటివి ఇట్టి బొమ్మలను మొదట ఆపివేస్తవి. బొమ్మ తెచ్చుకొన్నప్పుడు ఉత్తరం తెరచినట్లు పంపినవారికి తెలిసిపోవుటే కారణం. 'డౌన్‌లోడ్ పిక్చర్స్' నొక్కితే వస్తవి. జీమెయిలు 2013 డిసెంబరు నుండి సాధారణంగా వాటిని తానే చూపుతున్నది.

'ఫైల్' అని వుంటే ఆ బొమ్మ పంపినవారి కంప్యూటరులోనే వుండిపోయినది. ఇతరులెవ్వరికీ కనబడదు. మరల పంపుట తప్ప దారి లేదు.

ఫార్వర్డు చేయునప్పుడు 'ప్లెయిన్ టెక్స్ట్' ఎంచుకొన్నా బొమ్మలన్నీ రాలిపోతవి.

మేమిప్పుడు ఫోటోలను ఉత్తరం మధ్యలో అతికించుట మానినాము. విడి ఫైళ్లుగా అటాచ్ చేస్తున్నాము. ఒక్కొక్క ఫైలుకు చీర నంబరే పేరు. ధర, నూలు కౌంటు, రంగు, అంచు వివరాలు ఉత్తరంలో అక్షరాలతోనే వ్రాస్తున్నాము. ఫోటో రాకున్నా '3వ నంబరు, 80 కౌంటు, పసుపు చీర, ఎర్ర అంచు' అని చదివి వర్తకుడు ఫోనైనా చేయగలడు. వచ్చిన ఉత్తరాన్ని చెడకుండా మరొకరికి పంపవలెనంటే, కంప్యూటరుపై 'ఫార్వర్డ్ యాజ్ అటాచ్‌మెంట్' వాడితే ఉత్తరం మొత్తం కట్ట విప్పకుండానే పోతుంది.

జీమెయిలులో ఒక ఉత్తరానికి అటాచ్‌మెంట్లు 25 ఎంబీ మించరాదు. దారిలో ఫైళ్లు మూడవ వంతు బరువెక్కుతవి గనుక మేము ఒక్కొక్క ఫోటోను ఒక ఎంబీ లోపు తగ్గించి పంపుతున్నాము. తగ్గించుట తెలియని సభ్యులు శనివారం సాయంత్రం ఫోను తీసుకొని ఆఫీసుకు రావచ్చును.